మూడు నదుల చిత్రములు

చలనచిత్రములను శాస్త్రదృష్టితో పరిశీలించువాడను కాను. సాయంకాలము తీరిక దొరికినచో చూతును, లేనిచో మానుదును. కెమెరాను ఏ మూల నిలిపిరి, దృశ్యమును ఎచ్చట త్రుంచిరి అను చర్చలలో నాకు ప్రవేశము లేదు. అట్టివాడను ఈ నెలదినములలో మూడు చిత్రములు చూచితిని. ముందు సంకల్పించుకొని చూచినవి కావు. మొదటిదానిని చూచిన పిమ్మట రెండవదానిని వెదకితిని, రెండవది మూడవదానికొరకు వెదకించినది. మూడును తూర్పు బంగాళపు బెస్తల కథలు. మేఘన, తితాస్, పద్మ: ఒక్కొక్క చిత్రమునకు ఒక్కొక్క నది. నదులు మాత్రము అంత వేరు కావు. పద్మ మేఘనలో కలియును; తితాస్ మేఘననుండి చీలి మరల మేఘననే చేరును.

మొదటిది 1959 లో పాకిస్తానున వెలువడిన ‘జాగో హువా సవేరా’. మాణిక్ బందోపాధ్యాయ 1936 లో ప్రకటించిన ‘పద్మానదీర్ మాఝీ’ నవల దీనికి ఆధారము. రచన ఫైజ్ అహ్మద్ ఫైజ్‌ది, దర్శకత్వము ఎ. జె. కర్దార్‌ది. ఉర్దూ కవి వ్రాసిన కథను మేఘనాతీరమున చిత్రించిరి. నటనకు కలకత్తా రంగస్థలమునుండి తృప్తి మిత్ర, సంగీతమునకు తిమిర్ బరన్, ఛాయాగ్రహణమునకు ఇంగ్లండునుండి వాల్టర్ లాసలీ వచ్చిరి. దేశము చీలి పట్టుమని పండ్రెండేండ్లైనను నిండని దినములలో ఇందరు ఒకే పడవ నెక్కుట నాకు కథకంటెను వింతగా తోచెను.

ఆ పడవ గట్టు చేరలేదు. 1958 లో సైనికపాలన వచ్చెను; ఫైజ్ నిర్బంధింపబడెను. చిత్రము 1959 లో మాస్కో చిత్రోత్సవమున స్వర్ణపతకము నందెను గాని స్వదేశమున నిలువలేకపోయెను. ఇంట గెలిచి రచ్చ గెలువవలెనని పెద్దలందురు. ఇది రచ్చ గెలిచి ఇంట ఓడినది. చిరకాలము కనుమరుగై, పునరుద్ధరింపబడి, 2016 లో కాన్ నగరమున మరల తెర నెక్కెను. అదే యేట ముంబయి చిత్రోత్సవమువారు, నిరసనలు రాగా, దానిని తమ పట్టికనుండి తొలగించిరి. బంగాళీ నవల, కలకత్తా నటి, కలకత్తా సంగీతకారుడు, ఇన్ని యుండియు అది పరాయి చిత్రమే యయ్యెను. నిరసించినవారిలో ఎందరు దానిని చూచియుందురో!

చిత్రమున పెద్ద లోపమొకటి కలదు. మేఘనాతీరపు బెస్తలు ఇందు ఉర్దూ మాటలాడుదురు. ఇది చిన్న విషయము కాదు. 1952 ఫిబ్రవరి 21న ఢాకా వీథులలో మాతృభాషకొరకు యువకులు ప్రాణము లర్పించిరి. 1956 నాటి రాజ్యాంగము బంగాళీని కూడ రాజ్యభాషగా అంగీకరించెను. మరి మూడేండ్లకు వచ్చిన చిత్రమున, ఆ నేలకు చెందిన బెస్త తన యేటిలో, తన పడవపై నిలిచి, తన మాట మాటలాడడు. పశ్చిమ పాకిస్తాను ప్రేక్షకునకు అర్థము కావలెనని ఇట్లు చేసియుందురు. ఆ ప్రేక్షకుడును రాలేదు.

అయినను నేను లేచి పోలేదు. మాటలు అరువు తెచ్చుకొన్నవే గాని చేతులు ఆ యేటివి. వల యెట్లు లాగవలెనో, తడిసిన పడవపై కాలెట్లు మోపవలెనో ఆ చేతులకు, కాళ్లకు తెలియును. దారిద్ర్యమును ఈ చిత్రము లెక్కగా చూపినది: సొంత పడవకు వెల యెంత, కూడబెట్టినదెంత, వ్యాపారికి చెల్లవలసినదెంత. ఈ లెక్క యొక్కటి తెలిసినచో బెస్తకథ సగము తెలిసినట్లే. బీదల చిత్రమనగానే ఏడ్పును సిద్ధము చేసికొని కూర్చుండు నావంటివానికి అందు ఏడ్చుటకు తీరిక దొరకలేదు.

రెండవది ఋత్విక్ ఘటక్ 1973 లో నిర్మించిన ‘తితాస్ ఏక్‌టి నదీర్ నామ్’. ఈ నవలను వ్రాసిన అద్వైత మల్లబర్మన్ ‘మాలో’ అను బెస్త కులమున, ఆ నదియొడ్డుననే పుట్టినవాడు. 1951 లో క్షయవ్యాధితో మరణించెను. గ్రంథము 1956 లో గాని వెలువడలేదు. ఢాకాలో జన్మించి, విభజనవలన ఆ నేలకు దూరమైన ఘటక్, బంగ్లాదేశ్ స్వతంత్రమైన వెంటనే అచ్చటికి మరలి పోయి దీనిని తీసెను. తీయుచున్న దినములలో ఆయనను కూడ క్షయయే పీడించుచుండెను.

మొదటి గంట నాకు చిక్కులుగానే యుండెను. ఎవరెవరో తెలియదు, సంగీతము మాటిమాటికి చెవిపై పడును, ఒక పాత్రను ప్రేమించునంతలో కథ మరియొకరి వెంట పోవును. వేరొక గ్రామమున పెండ్లాడిన వధువును కిశోరుడు పడవలో తెచ్చుచుండగా రాత్రివేళ దొంగలు ఎత్తుకొనిపోవుదురు. వానికి మతి చలించును. ఆమె ప్రాణములతో బయటపడును గాని తన భర్త పేరైనను ఎరుగదు. ఏండ్లు గడచిన పిమ్మట కొడుకును వెంటబెట్టుకొని అతని యూరికే వచ్చి, ఆ పిచ్చివానిని తన భర్తయని తెలియకయే ఆదరించును. కాగితముపై వ్రాయగా ఇది నాటకములవారి కథవలె నున్నది. తెరపై చూచునప్పుడు నవ్వు రాలేదు. ఇల్లు విడిచి వచ్చినవారు, పేరులు మరచిన బంధువులు, ఎదుట నున్నను గుర్తింపలేని మనుష్యులు: విభజన చూచిన కుటుంబములలో ఇట్టి కథలు అతిశయోక్తులు కావు. ఘటక్ ఆ మాటను ఒక్కసారియు పలుకడు.

పిమ్మట నది యెండిపోవును. ఇసుకమేటలు పైకి తేలును. మేటలు భూమి యగును. భూమికి ఆసాములు పుట్టుకొని వత్తురు. బెస్తకు నీరున్నంతవరకే హక్కు. నీరు పోయినచోట వాని కులము, వాని పాటలు, వాని యూరు అన్నియు పోవును. కడపట వాసంతి యెండిన యేటిలో నీటికొరకు చేతితో ఇసుక త్రవ్వుకొనును. అప్పుడామెకు ఆకుబూర ఊదుకొనుచు వరిచేలలో పరుగిడు బాలుడొకడు కానవచ్చును. ఆ వరిచేను ఆశయా, బెస్తల సమాధిపై మొలచిన పైరా? నాతో చూచినవారు ఆశయనిరి. నేను ఒప్పుకొనలేదు. ఆ రాత్రి చాలసేపు వాదించుకొంటిమి.

మూడవది మాణిక్‌బాబు నవలనే మరల తీసికొని గౌతమ్ ఘోష్ 1993 లో ఉభయదేశముల వారితో కలసి నిర్మించిన ‘పద్మా నదీర్ మాఝీ’. ఇందు భాష సరిగా నున్నది, రంగులున్నవి, గోదావరివారు పులస యను ఇలీశ చేప వలలో తళతళ మెరయును. కుబేరుడుగా రైసుల్ ఇస్లామ్ అసద్ మితముగా, నమ్మదగినట్లు నటించెను. హుసేన్ మియాగా ఉత్పల్ దత్ అద్భుతము. బీదలను తన లంకకు చేరవేయు ఆ మనుష్యుడు దయామయుడో దోపిడికాడో చివరివరకు తేల్చుకొననీయడు. కాని నాకొక సణుగుడు కలదు. అస్తమయకాంతిలో పద్మ యెంత సుందరముగా నున్నదనగా, ఆ పడవలోని మనుష్యుని ఆకలిని రెండు మూడు చోట్ల నేను మరచితిని. తప్పు నాదియో చిత్రముదియో చెప్పలేను.

మూడును ముగిసిన పిమ్మట మొదటి చిత్రమును మరల పెట్టితిని. ఈసారి, ఆ ఉర్దూ వినబడకుండ శబ్దము నాపి చూచితిని. వలలు, చేతులు, నీరు, చేపలబుట్టలు అన్నియు నిశ్శబ్దముగా సాగెను; మాట లేని లోపము తెలియలేదు. సగములో మరల శబ్దము పెట్టితిని. తిమిర్ బరన్ సంగీతమును వదలుకొనుటకు మనసొప్పలేదు.