పళ్ళు లేని పిల్లి

విజయవాడ వన్ టౌన్‌లో పిల్లికి జీతం ఉండదు గాని ఉద్యోగం ఉంటుంది. కాళేశ్వరరావు మార్కెట్ చుట్టుపక్కల కొట్లలో పప్పుల బస్తాలున్నంత కాలం ఎలుకలుంటాయి, ఎలుకలున్నంత కాలం గల్లాపెట్టె పక్కన ఒక పిల్లి పడుకుని ఉంటుంది. అందుకే మా పిల్లి సున్నుండకి వెనక పళ్ళన్నీ తీయించామని తెలిశాక కింది కొట్టు షావుకారు గారు జాలి పడలేదు, లెక్క అడిగారు. “పళ్ళు లేని పిల్లి దేనికండీ?”

పళ్ళు చూసి పశువును బేరమాడే ప్రాంతం మనది. కృష్ణా డెల్టాలో బండలాగుడు పోటీలకి గిత్తల్ని రెండు పళ్ళు, నాలుగు పళ్ళు, ఆరు పళ్ళు అంటూ విభాగాలు చేస్తారు. సంతలో గేదె నోరు తెరిచి చూడనిదే డబ్బు చేతులు మారదు. పిల్లి నోరు మాత్రం ఎవరూ తెరవరు. తెరవనివ్వదు కూడా, అది వేరే సంగతి.

తెరిస్తే 30 పళ్ళు కనిపిస్తాయి. మనలా దవడను పక్కలకి ఆడించి నూరడం పిల్లికి రాదు. కొరికి, చీల్చి, తుంచి మింగేస్తుంది. ఆ పళ్ళకి వచ్చే జబ్బులూ మన జబ్బులు కావు. మనకి పన్ను పుచ్చుతుంది. పిల్లికైతే చాలాసార్లు దాని ఒంట్లోని కణాలే పంటిని వేరు దగ్గర్నుంచి కరిగించేస్తాయి. పైకి కొంచెం ఎర్రటి చిగురు తప్ప ఏమీ కనపడదు. ఇంకో రకంలో చిగుళ్ళు, గొంతు మొదలు పచ్చిపుండులా వాచిపోతాయి. పళ్ళ మీద పేరుకునే పాచిని ఆ ఒళ్ళు శత్రువుగా చూసి పోరాడుతూనే ఉంటుంది. సున్నుండది ఈ రెండో రకం.

అది నొప్పి అని ఒక్కసారీ అరవలేదు. ఆకలితో గిన్నె దగ్గరికి పరుగెత్తేది, ముద్ద నోట పెట్టగానే గిన్నె మీదే బుస్సుమని పారిపోయేది. గిన్నే కరిచిందనుకుంది కాబోలు. ఒళ్ళు నాక్కోవడం మానేసింది, బొచ్చు అట్టలు కట్టింది, చొంగ కారింది, నోటి వాసనకి పక్కన కూర్చోలేకపోయేవాళ్ళం. సలహాలకి మా వీధిలో కరువు లేదు. వేడి చేసిందన్నారు, మజ్జిగ పొయ్యమన్నారు. అంతవరకు ఫర్వాలేదు. ఎదురింటి పిన్నిగారు లవంగ నూనె అద్దమన్నారు, ఇంకొకాయన పారాసెటమాల్ సగం బిళ్ళ నూరి పాలల్లో కలపమన్నారు. రెండూ ప్రేమతో చెప్పినవే, రెండూ పిల్లికి విషాలే. ఈ మందుల్ని విరిచి బయటికి పంపే శక్తి దాని కాలేయానికి చాలా తక్కువ. పారాసెటమాల్‌తో రక్తానికి ప్రాణవాయువు మోసే గుణం పోతుంది. సగం బిళ్ళ చాలు ప్రాణం తీయడానికి.

ఆపరేషన్ గురించి చెప్పడానికి పెద్దగా లేదు. మూత్రపిండాలు, కాలేయం బాగున్నాయో లేదో రక్తపరీక్ష చేశారు, మత్తిచ్చారు, ఎక్స్‌రే తీసి మరీ వేళ్ళతో సహా పీకారు. వేరు ముక్క లోపల మిగిలితే వాపు మిగిలినట్టే. కోరలు ఉంచారు. ఖర్చెంతని అడిగిన వాళ్ళందరికీ సగం తగ్గించి చెప్పాను.

అసలు పని ఇంటికొచ్చాక మొదలైంది. మత్తు దిగని పిల్లి బీరువా ఎక్కుతానంటుంది. నేల మీద పడకేసి, గాలి తగలకుండా వెచ్చగా ఉంచాలి. కొన్నాళ్ళు పిల్లి తినకపోతే, ముఖ్యంగా కాస్త లావుగా ఉన్నదైతే, ఒంట్లో కొవ్వంతా కాలేయానికి చేరి అదో కొత్త జబ్బవుతుంది. కాబట్టి తినిపించి తీరాలి. పిల్లిని ఆకలి కంటే వాసన ఎక్కువగా లాగుతుంది. ఫ్రిజ్‌లోంచి తీసిన చల్లటి ముద్దని అది కన్నెత్తి చూడదు. అదే ముద్దని గోరువెచ్చగా చేస్తే తల తిప్పుతుంది. ముల్లు తక్కువని కొర్రమీను తెచ్చి, ఉప్పూ కారం లేకుండా ఉడికించి, మళ్ళీ వేళ్ళతో వెతికి మెత్తగా మెదిపి పెట్టాం. ఉల్లి, వెల్లుల్లి తగలనివ్వలేదు, అవి పిల్లి రక్తాన్ని చెడగొడతాయి. ఆ రోజుల్లో మేం బొచ్చె తిన్నాం, అది కొర్రమీను తిన్నది.

మందు పట్టడానికి ఇద్దరం కావాలి. తుండులో కాళ్ళతో సహా చుట్టి, సూది తీసేసిన సిరంజిని కోరపన్ను వెనక సందులో పెట్టి, చుక్క చుక్కగా వదలాలి. తల వెనక్కి ఎత్తి పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోతుంది. మా అమ్మాయి పట్టుకునేది, నేను పోసేవాణ్ణి. మా ఆవిడ దూరంగా నిలబడి ఇద్దర్నీ తిట్టేది. డాక్టరు రాసిన నొప్పి మందు డాక్టరు చెప్పినన్నాళ్ళూ వేశాం. పిల్లి హుషారుగా ఉంది కదా అని మధ్యలో ఆపెయ్యడం చాలామంది చేసే పని. ఆ హుషారు మందుదే. కుట్లు వాటంతటవే కరిగిపోయాయి.

పళ్ళు తీస్తే అన్నిటికీ నయమవుతుందని చెప్పను. ఈ జబ్బులో మూడింట రెండు వంతుల పిల్లులు బాగా తేరుకుంటాయి లేదా పూర్తిగా కోలుకుంటాయి, మిగతావాటికి మందులు తప్పవు. సున్నుండ మొదటి లెక్కలో పడింది. ఇప్పుడు ఒళ్ళంతా నాక్కుని నిగనిగలాడుతోంది, గిన్నె మీద బుస కొట్టడం లేదు. ఎలుకలంటారా, పళ్ళున్నప్పుడూ అది ఒక్కటీ పట్టలేదు. ఆ మాట షావుకారు గారికి చెబితే, “మరి ఇన్నాళ్ళూ ఎందుకు పోషించారండీ?” అన్నారు. ఆయన మనవరాలు మాత్రం రోజూ మేడెక్కి దాంతో ఆడుకుంటుంది.

మీ ఇంట్లోనో కొట్లోనో పిల్లి ఉంటే ఈ వారం ఒకసారి దాని పై పెదవి మెల్లిగా ఎత్తి చూడండి. పంటి మొదట్లో ఎర్ర గీత కనిపించినా, నోరు కంపు కొట్టినా డాక్టరుకి చూపించండి. దగ్గర్లో ఎవరూ లేకపోతే గన్నవరంలో ఎన్టీఆర్ పశువైద్య కళాశాల 1998 నుంచీ ఉంది. పళ్ళు తోమదలిస్తే పిల్లుల పేస్టే కొనండి. మన పేస్టు ఉమ్మేయడానికి చేసింది, పిల్లి ఉమ్మదు. పారాసెటమాల్ మాత్రం చిటికెడైనా వెయ్యకండి.