ఫోన్ మీద నడిచిన సినిమా

నీరజ్ పాండే తొలిసారి దర్శకత్వం వహించిన హిందీ చిత్రం ‘ఎ వెన్స్‌డే’ 2008 సెప్టెంబరులో విడుదలైంది. ముంబయిలో ఒక బుధవారం మధ్యాహ్నం రెండింటికి మొదలై సాయంత్రం ఆరింటికల్లా ముగిసిపోయే కథ ఇది. నడివయసు మనిషి ఒకడు పోలీస్ స్టేషన్‌లో బాంబు ఉన్న సంచి వదిలి, ఇంకా కడుతున్న ఓ భవనం పైకెక్కి కమిషనర్‌కు ఫోన్ చేస్తాడు. నలుగురు ఉగ్రవాదులను వదలకపోతే నగరంలో బాంబులు పేలతాయంటాడు.

డబ్బు పెద్దగా లేదన్న సంగతి తెరమీద కనిపిస్తూనే ఉంటుంది. పాత్రలు పాడే పాటల్లేవు, ప్రేమకథ లేదు. ఒకవైపు డాబా మీద నసీరుద్దీన్ షా, చుట్టూ లాప్‌టాప్, సెల్‌ఫోన్లు, సిమ్ కార్డులు. మరోవైపు గదిలో అనుపమ్ ఖేర్. కథ నడిచినంతసేపూ ఇద్దరిమధ్యా ఉన్నది ఫోనే. పెద్ద సెట్లు వేయలేని నిర్మాతకు ఇది పొదుపు, కథకు ఉత్కంఠ. షా గొంతు పెంచడు. బెదిరించేటప్పుడూ లెక్కలు సరిచూసుకునే గుమాస్తాలా మాట్లాడతాడు, భయం పుట్టేది అక్కడే. విడిపించిన వాళ్లలో ముగ్గురిని అతనే పేల్చేశాక, తాను ఉగ్రవాదిని కాదనీ 2006 జూలై 11 రైలు పేలుళ్లతో విసిగిన మామూలు మనిషిననీ చెబుతాడు. అతని పేరు చెబితే మతం తెలిసిపోతుందని కమిషనర్ ఆ పేరును చివరికీ బయటపెట్టడు. సినిమా మొత్తంలో ఇంతకన్నా తెలివైన నిర్ణయం లేదు.

లోపాల్లో చిన్నవి: టీవీ విలేకరి పాత్ర నాటుగా ఉంది, ఫోన్ జాడ తీసే కుర్ర హ్యాకర్ సన్నివేశాలు నమ్మించవు. పెద్దది వాదనలో ఉంది. షా సుదీర్ఘంగా మాట్లాడాక చట్టం తరఫున జవాబివ్వాల్సిన కమిషనర్ నోరు మెదపడు, మనిషినీ వదిలేస్తాడు. నలుగురూ నేరస్థులేనని కథ ముందే తేల్చేసింది కాబట్టి ప్రేక్షకుడికి సందేహం రాదు. బయటి లోకం అంత సులువుగా లేదు. అవే రైలు పేలుళ్ల కేసులో 2015లో ప్రత్యేక కోర్టు 12 మందిని దోషులంది. 2025 జూలైలో బాంబే హైకోర్టు అందరినీ నిర్దోషులంది. వ్యవహారం సుప్రీంకోర్టుకు వెళ్లింది.

2009లో చక్రి తోలేటి ఈ కథను తమిళంలో ‘ఉన్నైప్పోల్ ఒరువన్’గా, తెలుగులో ‘ఈనాడు’గా తీశారు. డాబా మీద కమల్ హాసన్. కమిషనర్‌గా తమిళంలో మోహన్‌లాల్, తెలుగులో వెంకటేశ్. హంగులు పెంచకుండా మూలాన్నే నమ్మడం మెచ్చుకోదగ్గది. కానీ షాను చూసి ‘వీడెవడు?’ అనుకున్నంత తేలిగ్గా కమల్‌ను చూసి అనుకోలేం. అంత పెద్ద హీరో ఊరికే బాంబులు పెట్టడని టికెట్ కొన్నప్పుడే తెలిసిపోతుంది, సగం ఉత్కంఠ అక్కడే ఆవిరి.