చెళ్లపిళ్లవారి వచనమున యానాము

ఆంధ్రవాఙ్మయమున ఫరాసువారు ఎక్కువగా సేనారూపముననే కానవత్తురు. 1757 నాటి బొబ్బిలియుద్ధమును పాడిన జానపదులకును, రంగరాయచరిత్రమును రచించిన దిట్టకవి నారాయణకవికిని బుస్సీ విజయరామరాజునకు తోడై ఫిరంగులతో వచ్చిన దొర. అతనికి ఊరు లేదు, ఇరుగుపొరుగు లేదు. కాని ఆ ఫరాసువారే 1723లో గౌతమి సముద్రమును సమీపించుచోట ఒక తెలుగుపల్లెలో దిగి, నడుమ నడుమ విడుచుచు, మరల చేరుచు, రెండువందల యేండ్లకు పైగా నిలిచిరి. అదియే యానాము. మెట్టకూరు, కనకాలపేట, అగ్రహారము, ఫ్రాన్సుతిప్ప మొదలగువానితో కలిపి దాని విస్తీర్ణము ఇంచుమించు 30 చదరపు కిలోమీటర్లు.

ఇంత చిన్న సీమను మనవారు విశేషముగా ఎరిగినది పెండ్లిండ్ల మూలమున. శారదా శాసనము 1930 ఏప్రిలు 1 నుండి బ్రిటిషు ఇండియాలో అమలు కాగా, ఆ శాసనము చెల్లని యానామునకు పెండ్లివారు తరలిపోయిరి; ఊరికి కల్యాణపురమను పేరు వచ్చెను. పేరు ముచ్చటైనదే. కాని అది పోయి తిరిగివచ్చువారు పెట్టదగిన పేరు. ఊరిలోనివారు పెట్టుకొను పేరు కాదు.

1870లో కడియమున జన్మించిన చెళ్లపిళ్ల వేంకటశాస్త్రిగారికి యానాము బాల్యము గడచిన ఊరు. వారి 'కథలు–గాథలు'పై విమర్శకులు మోపు దోషము శాఖాచంక్రమణము. గురువు మాట యెత్తిన చుట్టరికము వచ్చును. చుట్టరికము నుండి అవధానమునకు పోవుదురు. ఇతరవిషయములందు ఇది విసుగు పుట్టించునేమో కాని, గ్రామచిత్రణమున దోషము కాదని నా తలంపు. బాటసారికి ఊరితో ఒకటే పని, కాపురమున్నవానికి నూరు. ఆ నూరింటిలో దొరతనము ఒకటి మాత్రమే.

మా వైరా ప్రాంతము 1948 వరకు నైజాము సీమ. తిరువూరు వైపు మద్రాసు రాజధాని. ఇట్టి సరిహద్దు పల్లెలపై పరిశోధనకు పూనుకొనువారు మొట్టమొదట కరోడ్‌గిరి నాకాను వెదకుదురు. నాకా ప్రక్క యింటివారికి అది గుమ్మము ముందరి రాయి వంటిది. తప్పుకొని నడతురు, చర్చింపరు. యానామును గూర్చి శాస్త్రిగారి నడకయు అట్టిదే.

మరియొక సంగతి. శాస్త్రిగారు 1950లో కీర్తిశేషులైరి. యానామున ఫ్రెంచిపాలన వాస్తవముగా ముగిసినది 1954లో, చట్టరీత్యా 1962లో. కనుక గతించిన రాజ్యముపై బెంగ గాని, విమోచనోత్సాహము గాని ఆ వచనమున నుండుటకు అవకాశము లేదు. నేడు పుదుచ్చేరిలో భాగమైన యానామును చూచి, వెనుకకు తిరిగి ఆ గ్రంథమును చదువు మనమే ఆ రెంటిని అందు చొప్పించుచున్నాము.

అయినను శాస్త్రిగారి యానాము పండితుల వీథి. తిప్పలమీది జాలరులు, ఊరి అంచున నుంచబడిన వాడలవారు అందు మసకగా మాత్రమే తోతురు. ఆ పుటలనుండి ఊరంతటిని నిర్మింపబూనుట తగదు. 1957లో యానాముననే జన్మించిన శిఖామణి 'మువ్వల చేతికర్ర' (1987)ను ప్రక్కన నుంచుకొని చదివినచో, అదే ఊరు మరియొక వీథినుండి కానవచ్చును.