తెర తీసే డబ్బా

మా మేనల్లుడు పోయిన ఆదివారం హైదరాబాద్ నుంచి వస్తూ అరచేతిలో పట్టే నల్లటి డబ్బా ఒకటి తెచ్చాడు. డాక్. ల్యాప్‌టాప్‌లోంచి వచ్చే అంకెల్ని ఆంప్లిఫయర్‌కి అర్థమయ్యే కరెంటుగా మార్చి పంపుతుంది. వెల 18 వేలు. "వారం ఉంచుకో మావయ్యా. నచ్చితే డబ్బులివ్వు, లేకపోతే నేనే తీసుకుపోతా. పాటకీ నీకూ మధ్య తెర తీసేసినట్టుంటుంది చూడు" అన్నాడు. తెర తీయమని త్యాగయ్య తిరుమలలో స్వామిని అంతగా వేడుకోవాల్సి వచ్చిందంటారు. మనకి 18 వేలు చాలట.

నాకు ఒళ్లు మండింది. ముందు గది, తర్వాత స్పీకర్లు, ఆ తర్వాతే ఏదైనా అన్నది ఈ కాలమ్ చదివేవాళ్లకి కొత్త కాదు. నున్నటి గ్రానైట్ నేలా, కర్టెన్లు లేని కిటికీలూ పెట్టుకుని వైర్ల మీద డబ్బు పోసేవాళ్లని ఇక్కడ ఎన్నిసార్లు తిట్టానో లెక్కలేదు. గోడకి దుప్పట్లు వేలాడదీయమని రాసిన పుణ్యాన పెళ్లిళ్లలో నన్ను "దుప్పట్లాయన" అని చూపించుకునేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు.

ఒకప్పుడు ఈ అంకెల పని కష్టమే, కాదనను. 1982లో సీడీ వచ్చినప్పుడు దాని లెక్క 16 బిట్లు, సెకనుకి 44,100 నమూనాలు. సోనీతో కలిసి దాన్ని తయారుచేసిన ఫిలిప్స్ వాళ్ల చేతిలో అప్పటికున్నది 14 బిట్ల చిప్పే. దాన్నే నాలుగింతల వేగంతో పరుగెత్తించి 16 బిట్ల పని లాగించారు. ఆ తెలివికి ఇప్పటికీ దండం పెడతాను. ఇవాళో? ఫోన్‌కి హెడ్‌ఫోన్ తగిలించుకునే వెయ్యి రూపాయల మంచి డాంగిల్ కొంటే, ఆ చిటికెనవేలంత ప్లగ్గులోనే పూర్తి డాక్ ఉంటుంది. ఇంకా తెర ఎక్కడుందని తీయడానికి?

పైగా డబ్బా మీద 24 బిట్లు, 192 కిలోహెర్ట్జ్ అని బంగారు రంగు అక్షరాలు. అంటే 96 వేల హెర్ట్జ్ దాకా మోయగలదన్నమాట. నేను వినేవి 'మాయాబజార్' కాలం పాటలు. 1957 నాటి 78 రికార్డులో 10 వేలు దాటాక పాటకన్నా గరగరే ఎక్కువ. 61 ఏళ్ల నా చెవికి 12 వేలు అందితే గొప్ప. మిగిలిందంతా బయట చెట్టుమీద గబ్బిలాలకి.

అయినా పెట్టి విన్నాను. అబద్ధమెందుకు, తెర తీసినట్టే ఉంది. ఘంటసాల గొంతు గోడ వదిలి ముందుకొచ్చింది. వెనక వీణ విడిగా వినిపించింది. మళ్లీ డాంగిల్ పెడితే పాట ఉసూరుమంది. ఇన్నేళ్లూ రాసింది తప్పేనా అని ఆ రాత్రి నిద్ర పట్టలేదు. తెల్లవారుజామున రికార్డింగ్ సెంటర్ బాబాయి గుర్తొచ్చాడు.

1980లలో బెజవాడలో పాటల పట్టీ కాగితం మీద రాసి ఖాళీ కేసెట్‌తో కలిపి ఇచ్చొస్తే రెండు రోజుల్లో పాటలు ఎక్కించి ఇచ్చేవాళ్లు. గవర్నర్‌పేటలో నేను వెళ్లే కొట్టు మనిషి పక్కకి తిరిగితే నిండిపోయేంత. పట్టీ ఇస్తే బాబాయి వెంటనే తీసుకునేవాడు కాదు. కళ్లజోడు సవరించుకుని, పదో తరగతి పేపరు దిద్దినట్టు చదివేవాడు. "ఇది సినిమాలో ఒక చరణం ఎక్కువ, రికార్డులో లేదు. నీకేది కావాలి?" "ఈ విషాదం పక్కన ఆ హుషారు పాటేంట్రా, అటువైపు వేస్తా." అరవై నిమిషాల కేసెట్‌లో చివర మిగిలిన టేపు ఖాళీగా వదిలితే ఆయనకి పాపం చేసినట్టుండేది, ఏదో ఒక సన్నాయి ముక్క ఎక్కించేవాడు. డెక్ మీద సూది ఎరుపుని ముట్టుకుని రావాలి గానీ అక్కడే కాపురం పెట్టకూడదు అనేవాడు.

ఖాళీ కేసెట్ చవకది కొనాలా ఖరీదుది కొనాలా అని ఎవరైనా తటపటాయిస్తే, ఒకే పాట రెండింటిలో వినిపించేవాడు. అందరూ ఖరీదుదే తీసుకునేవాళ్లు. ఒక మధ్యాహ్నం కొట్లో ఎవరూ లేనప్పుడు ఆ రెండు నమూనాలూ వేసి సూది చూశాను. ఖరీదు దాంట్లో పాట ఒక పిసరు గట్టిగా ఎక్కించి ఉంది. పట్టుబడ్డానన్న బెరుకైనా లేకుండా నవ్వాడు. "నోటికి ఉప్పెలాగో చెవికి సౌండు అలాగ నాయనా. కాస్త పడితే కూర మారిపోయిందనుకుంటారు."

సోమవారం పొద్దున్నే మల్టీమీటర్ తీశాను. 50 హెర్ట్జ్ టోన్ వేసి కొలిస్తే డబ్బా 2 వోల్టులు ఇస్తోంది, డాంగిల్ 1. అంటే 6 డెసిబెల్స్ తేడా. బాబాయి వేసింది పిసరు ఉప్పు, ఇది గుప్పెడు. రెండింటినీ సమానం చేసి, మా ఆవిడని అడ్డుగా దుప్పటి కట్టిన బల్ల వెనక కూర్చోబెట్టి వైర్లు మార్పించాను. 16 సార్లు విని 9 సార్లు సరిగ్గా చెప్పాను. "దీనికి బొమ్మా బొరుసూ వేసుకుంటే పోయేది కదా, నా వంట చల్లారకుండా" అంది.

డబ్బా వెనక్కి పంపేద్దామనుకుని, మీసం మెలేస్తూ ఈ కాలమ్ రాద్దామని కూర్చున్నాను. గురువారం సాయంత్రం ల్యాప్‌టాప్‌కి చార్జర్ పెట్టి, డాంగిల్‌తో పాట వేస్తే పాట కింద గుయ్యిమని ఒకటే రొద. చార్జర్ పీకితే ఆగింది. చార్జర్ ఎర్తూ, ఆంప్లిఫయర్ ఎర్తూ వైరు గుండా చేతులు కలిపితే మన 50 హెర్ట్జ్ కరెంటు పాడే పాట అది. డబ్బాని వెనక్కి తిప్పి చూడటం అప్పుడు తట్టింది. వారమంతా ముందు అక్షరాలే చదివాను, వెనక సాకెట్లు చూడలేదు. ఆప్టికల్ ఇన్‌పుట్ ఉంది. వెలుతురు మీద వచ్చే పాటకి ఎర్తుతో పని లేదు. టీవీకి ఆప్టికల్ ఉంది. నా పాటలన్నీ ఉన్న పెన్‌డ్రైవ్ టీవీకి పెట్టాను. గుయ్యిమనడం పోయింది. నేను ముద్దాయిని చేసిన ఆ 2 వోల్టులు కూడా సీడీ ప్లేయర్ల కాలం నాటి నా ఆంప్లిఫయర్‌కి సరిగ్గా అలవాటైన మోతాదే. డబ్బా వెనక టీవీకి ఒక సాకెట్, ల్యాప్‌టాప్‌కి ఒకటి, మధ్యలో మార్చుకోవడానికి ముందు ఒక బటన్. ఇరవై ఏళ్లుగా నా వైర్లని ముట్టుకోని మా అత్తగారు శుక్రవారం ఆ బటన్ నొక్కుకుని ప్రవచనం పెద్ద స్పీకర్లలో విన్నారు.

డబ్బులు పంపాను. మేనల్లుడు వెంటనే ఫోన్ చేశాడు. "తెర తీసినట్టుంది కదూ మావయ్యా?" సాకెట్లు బాగున్నాయిరా అన్నాను. చిన్నబుచ్చుకున్నాడు.

ఒక్కటే ఇబ్బంది. దాని ముందున్న నీలం లైటు రాత్రిళ్లు హాలంతా పోలీసు జీపులా వెలుగుతోంది. మా ఆవిడ దాని మీద స్టిక్కర్ బొట్టు అతికించింది. మొదటిది చిన్నదైంది, వెలుగు చుట్టూ కారుతోందని ఇవాళ పెద్ద సైజుది పెట్టింది.