ఇద్దరు చెల్లెళ్లు

వేగావతమ్మా! సాలూరు కొండల నీళ్లు మోసుకుని బొబ్బిలి సీమకు దిగే తల్లీ! నీకు దండం పెట్టి అడుగుతున్నాను, ఆ యుద్ధం ఎవరిదో నువ్వే చెప్పు.

1757 జనవరి 24. బొబ్బిలి మట్టికోట. చుట్టూ ఫ్రెంచి సేనాని బుస్సీ ఫిరంగులు, వాటి వెనక విజయనగరం బలగం. తాతల నాటి గడ్డ వదిలి పొమ్మన్నారు. బొబ్బిలి రాజు రంగారావు కదలనన్నాడు. గోడ కూలిన చోటల్లా మనిషే గోడై నిలిచాడు. ఇక నిలవలేమని తెలిశాక, శత్రువు చేతికి చిక్కకూడదని ఆడవాళ్లనూ పసివాళ్లనూ తమ చేతులతోనే కడతేర్చారు. ఆ శిథిలాల్లోంచి ఒక ముసలాయన రంగారావు కొడుకును మాత్రం ప్రాణాలతో ఎత్తుకొచ్చాడు. రాజాంలో ఉన్న బొబ్బిలి వీరుడు తాండ్ర పాపారాయుడికి కబురు ఆలస్యంగా అందింది. మూడో రాత్రి అతను విజయనగరం రాజు విజయరామరాజు గుడారంలో దూరి, కత్తితో పగ తీర్చుకుని తానూ నేలకొరిగాడు.

బొబ్బిలిలో స్మారక స్తంభం ఉంది. దాని ముందు నిలబడితే ఫిరంగుల మోత వినపడదు తల్లీ, ఇద్దరు చెల్లెళ్ల ఏడుపు వినపడుతుంది.

ఒకతె మల్లమ్మ. పాపారాయుడి చెల్లెలని కథలు చెబుతాయి. అన్న వస్తాడని ఎదురుచూసి, రాకముందే కోటలో ప్రాణం విడిచింది. రెండో ఆమె విజయరామరాజు తోబుట్టువు పైడిమాంబ. యుద్ధం వద్దని అన్నను బతిమాలిందట. కీడు శంకించి బయల్దేరితే దారిలోనే చావుకబురు ఎదురైందట. సొమ్మసిల్లి పడిపోయి, పెద్ద చెరువులో అమ్మవారై వెలసిందట. ఓడిన వైపు ఒక చెల్లెలికి అన్న అందలేదు. గెలిచిన వైపు ఒక చెల్లెలు అన్నను అందుకోలేదు.

గెలిచిన ఊరు ఇప్పుడు ఎవరిని కొలుస్తోంది? వద్దన్న చెల్లెలినే! దసరా వెళ్లిన మంగళవారం విజయనగరంలో చింతమాను కొసన పూజారి కూర్చుంటాడు. సిరిమాను అని పిలిచే ఆ మాను గాలిలో ఊగుతూ గుడి నుంచి కోట దాకా మూడుసార్లు తిరుగుతుంది. జనం అరటిపళ్లు విసిరి మొక్కుకుంటారు. ఏటా ఆడపడుచు పుట్టింటి గుమ్మం దాకా వచ్చి దీవించి వెళుతుంది. యుద్ధం వద్దన్న మాట ఇంతకాలం బతికిందంటే, అది రాజశాసనం వల్ల కాదు, పసుపుకుంకుమలతో నిలిచింది.

మన సాలూరుకూ ఈ దుఃఖంలో పాలుంది. 1964లో ‘బొబ్బిలి యుద్ధం’ తెరకెక్కితే సంగీతం కట్టింది ఈ పక్కనున్న శివరామపురంలో పుట్టిన సాలూరి రాజేశ్వరరావే. అంతకు ముందెప్పుడో జంగాలు పాడుతూ ఊరూరా తిరిగిన కథ, మన నేల బిడ్డ స్వరాల్లో మళ్లీ ఇల్లిల్లూ చేరింది.

అందుకే అమ్మల్లారా, అయ్యల్లారా! పిల్లలకు బొబ్బిలి కథ చెప్పేటప్పుడు కత్తి దగ్గర ఆపకండి. పులిలాంటి పాపారాయుణ్ణి చెప్పండి, ఆ వెంటనే మల్లమ్మనూ చెప్పండి. విజయరామరాజును చెప్పండి, ఆయన వినని చెల్లెలి మాటనూ చెప్పండి. రెండు ఊళ్ల బిడ్డలూ రెండు పేర్లకూ ఒకేలా చేతులు జోడించిన రోజున ఆ పగ పూర్తిగా చల్లారుతుంది.