ఉత్సాహమా, క్రోధమా? వీడియో గేముల్లో ప్రతినాయక యుద్ధం: రసదృష్టితో ఒక పరిశీలన

నాటకంలో యుద్ధం, మరణం, రాజ్యభ్రంశం, నగరోపరోధం వంటివాటిని అంకంలో ప్రత్యక్షంగా చూపకూడదని, ప్రవేశకం ద్వారా సూచించాలని నాట్యశాస్త్రం నియమించింది. శ్రవ్యకావ్యానికి ఈ కట్టుబాటు లేదు. భారతయుద్ధాన్ని ఆద్యంతం తెలుగు చేసిన తిక్కన పాఠకుణ్ణి రణరంగం నడిబొడ్డుకే తీసుకువెళ్తాడు. అయినా అక్కడ పాఠకుడు చూసేవాడే గాని బాణం వేసేవాడు కాడు. వీడియో గేమ్ ఈ హద్దును చెరిపివేసి, సామాజికుని చేతికే ఆయుధం అందించింది. శత్రువు పడాలంటే సామాజికుడే కొట్టాలి. సరిగా కొట్టలేకపోతే కథ అక్కడే ఆగిపోతుంది.

యాక్షన్ అడ్వెంచర్ అనే తరగతికి చెందిన ఆటల్లో సంచారం, అన్వేషణ, కథ, యుద్ధం పెనవేసుకొని సాగుతాయి. ఒక్కొక్క ఘట్టం చివర దారికి అడ్డంగా ఒక బలమైన ప్రత్యర్థి నిలుస్తాడు. ఆటగాళ్ల పరిభాషలో అతడు 'బాస్'. అలంకారశాస్త్ర పరిభాషలో 'ప్రతినాయకుడు' అనే మాట దీనికి దగ్గరగా ఉన్నా పూర్తిగా సరిపోదు. ఆ సరిపోకపోవడం ఎక్కడన్నది ఈ వ్యాసంలో తరువాత తేలుతుంది. ఈ యుద్ధాల మీద తరచుగా వచ్చే ఆక్షేపణ ఒకటుంది: ఇవి రక్తపాత ప్రదర్శనలు, వీటిలో ఉన్నది రౌద్రం, కాకుంటే బీభత్సం, కాబట్టి సాహిత్య విమర్శకు ఇక్కడ పని లేదు. ఈ ఆక్షేపణ కొన్ని ఆటల విషయంలో నిజమే. అన్నిటి విషయంలో నిజం కాదని చెప్పడానికి తగిన కొలమానం మాత్రం రసశాస్త్రంలోనే ఉంది.

వీరానికి స్థాయి ఉత్సాహం, రౌద్రానికి స్థాయి క్రోధం. రెండింటిలోనూ ఆయుధాలుంటాయి, శత్రువుంటాడు, దెబ్బలుంటాయి. బయటికి కనిపించే సామగ్రిని బట్టి ఈ రెండు రసాలనూ వేరుచేయడం కష్టం. అందుకే భరతుడు వీరరస విభావాలను చెప్పేటప్పుడు బలపరాక్రమాల కంటే ముందు అసమ్మోహాన్ని, అధ్యవసాయాన్ని, నయాన్ని, వినయాన్ని పేర్కొన్నాడు. మనస్సు కలతపడకపోవడం, పట్టుదలతో నిశ్చయానికి రావడం, ఉపాయజ్ఞత, సంయమం అనేవి వీరుణ్ణి క్రుద్ధుని నుంచి వేరుచేసే గుణాలు. ఒక ఆటలోని యుద్ధం ఆటగానిలో వీటిని మేల్కొల్పుతుందా, క్రోధాన్ని మేల్కొల్పుతుందా అన్నదే అసలు ప్రశ్న. శత్రువు ఆకారం ఎంత పెద్దది, తెరమీద నెత్తురు ఎంత పారింది అన్నవి ఆ తరువాతి సంగతులు.

ఇక్కడ ఒక సిద్ధాంతపరమైన చిక్కు ఎదురవుతుంది. అభినవగుప్తుని మతంలో రసానికి ఆశ్రయం సహృదయుడు. అతడు లెక్కించిన ఏడు రసవిఘ్నాల్లో 'నిజసుఖాదివివశీభావం' ఒకటి. తన సొంత సుఖదుఃఖాలకు లోబడిపోయినవానికి రసం అందదు. ఆటగాని స్థితి సరిగ్గా ఇదే. ముప్పైసార్లు ఓడిపోయినవాని మనస్సులో ఉన్నది నాయకుని భావం కాదు, తన సొంత చిరాకు. ఈ లెక్కన బాస్ యుద్ధం రసానికి పుట్టుకలోనే శత్రువు కావాలి. అయితే 2019లో వచ్చిన ఒక జపనీస్ ఆట ఈ విఘ్నాన్నే యుద్ధానికి ఇతివృత్తం చేసుకుంది.

ఖడ్గధ్వని

ఫ్రమ్‌సాఫ్ట్‌వేర్ సంస్థ హిదెతాకా మియాజాకి దర్శకత్వంలో రూపొందించిన 'సెకిరో: షాడోస్ డై ట్వైస్' సెంగోకు యుగం చివరి రోజుల జపాన్‌ను కల్పనలో తిరిగి నిర్మించుకున్న ఆట. 'ఊల్ఫ్' అనే షినోబీ తన బాల ప్రభువు కురోను కాపాడుకోవడం ఇందులోని కథ. ఆరంభంలోనే, వెన్నెల పరచుకున్న రెల్లుపొదల మైదానంలో అషినా గెనిచిరోతో ద్వంద్వయుద్ధం జరుగుతుంది. ఆటగాడు గెలిచినా ఓడినా నాయకుని ఎడమచెయ్యి తెగిపడుతుంది. ఫలితం మారని యుద్ధంతో మొదలుపెట్టడం సాహసం. ఓటమి ఇక్కడ ఆటగాని అసమర్థతకు శిక్ష కాదనీ, కథాబీజమేననీ ఆట మొదటే చెప్పేస్తుంది.

ఈ ఆటలో పోరాడేవారికి ప్రాణశక్తితో పాటు మరొక కొలత కూడా ఉంటుంది. ఇంగ్లీషు అనువాదంలో దానిని 'పోశ్చర్' అన్నారు. జపనీస్ మూలంలో దాని పేరు 'తైకన్', అంటే శరీరపు నడిమికాండం. తెలుగులో 'నిలుకడ' అనవచ్చు. శత్రువు కత్తి తగిలే క్షణానికి సరిగ్గా తన కత్తిని అడ్డుపెడితే దెబ్బ పక్కకు మళ్లి, శత్రువు నిలుకడ సడలుతుంది. అది పూర్తిగా సడలిన క్షణంలో, ప్రాణశక్తి ఎంత మిగిలివున్నా, ఒక్క వేటుతో అతణ్ణి కూల్చవచ్చు. ఆటగాడు భయపడి దూరంగా జరిగితే శత్రువు నిలుకడ తిరిగి కూడుకుంటుంది. కోపంతో ఎడాపెడా కొట్టినా ప్రయోజనం లేదు. శత్రువు ఆ దెబ్బలను మళ్లించి ఎదురుదెబ్బ తీస్తాడు. పారిపోయేవాడూ ఓడతాడు, చిందులు వేసేవాడూ ఓడతాడు. ఎదురుగా నిలిచి, ఎదుటివాని లయను విని, దానికి తగినట్లు ప్రతిస్పందించేవానికే దారి తెరుచుకుంటుంది.

విని అనే మాట ఇక్కడ అలంకారం కాదు. సరిగా మళ్లించిన దెబ్బకూ, ఆలస్యంగా అడ్డుకున్న దెబ్బకూ లోహధ్వనిలో స్పష్టమైన భేదం ఉంది. కొంతసేపు ఆడినవాడు కంటికంటే చెవినే ఎక్కువగా నమ్ముకుంటాడు. నిజసుఖాదివివశీభావానికి విరుగుడుగా అభినవగుప్తుడు వాద్యాలను, గానాన్ని, విచిత్రమైన రంగమండపాన్ని పేర్కొన్నాడు. సొంత చింతల్లో చిక్కుకున్న ప్రేక్షకుణ్ణి వాటినుంచి బయటికి లాగేవి అవే. సెకిరోలో ఆ పని కత్తుల చప్పుడు చేస్తుంది. ఆటగాని చిరాకు కరిగిపోనిదే లయ వినిపించదు, లయ వినిపించనిదే గెలుపు లేదు. రసవిఘ్నాన్ని తొలగించుకోవడమే గెలుపు మార్గమైన ఏర్పాటు ఇది. భరతుడు చెప్పిన అసమ్మోహం ఇక్కడ వర్ణన కాదు, చేతివేళ్లు నేర్చుకోవలసిన పాఠం.

అషినా కోట శిఖరం మీద గెనిచిరో మళ్లీ ఎదురవుతాడు. రెండుసార్లు పడగొట్టినా అతడు లేస్తాడు, కవచం విప్పుకొని పిడుగును బాణంలోనూ కత్తిలోనూ ప్రయోగిస్తాడు. పిడుగు తాకేవేళ నాయకుడు గాలిలో ఉండి, నేలకు దిగకముందే కత్తి విసిరితే ఆ పిడుగు పంపినవానికే తిరిగి చేరుతుంది. ఈ విద్య ఆటగానికి ఈ ఘట్టంలోనే పట్టుబడుతుంది. ఆట చివర అదే రెల్లుపొదల మైదానంలో, గెనిచిరో దేహం నుంచి అతని తాత ఇష్షిన్ యౌవనరూపంతో వెలువడి పోరాడతాడు. కత్తి, బల్లెం, తుపాకి అన్నీ అయ్యాక అతడూ పిడుగునే ఆశ్రయిస్తాడు. మనుమని దగ్గర నేర్చిన విద్య తాత దగ్గర అక్కరకు వస్తుంది. కావ్యంలో బీజం నిర్వహణ సంధిలో ఫలించినట్లుగా ఉన్న ఈ కూర్పు మాటల్లో ఎక్కడా ప్రకటితం కాదు, ఆటగాని శరీరస్మృతిలో మాత్రమే నడుస్తుంది. కథాసారాంశాన్ని మాత్రమే చదివే విమర్శకునికి ఇది ఎప్పటికీ కనిపించదు.

దోషాలు లేకపోలేదు. నాయకుడు పదేపదే మరణించి లేచినకొద్దీ చుట్టూ ఉన్నవారికి 'డ్రాగన్‌రాట్' అనే దగ్గుజబ్బు సోకుతుంది. ఆటగాని వైఫల్యానికి ఇతరులు మూల్యం చెల్లించడం అనే ఆలోచన గొప్పది. కాని ఆ జబ్బుతో ఎవరూ చనిపోరు, వారి ఉపకథలు కొంతకాలం నిలిచిపోతాయంతే. తగిన వస్తువు సంపాదిస్తే అందరికీ ఒకేసారి నయమవుతుంది. కరుణానికి తలుపు తెరిచి, గడప దాటకుండానే మూసివేసినట్లయింది.

ఈ ఆట విడుదలైనప్పుడు కష్టస్థాయిని తగ్గించుకునే అవకాశం లేకపోవడం మీద, ముఖ్యంగా శారీరక వైకల్యం ఉన్న ఆటగాళ్ల విషయంలో పెద్ద చర్చ జరిగింది. కష్టమే ఈ కళకు ప్రాణమన్న సమర్థనలో సగమే సత్యం. సహృదయునికి కావ్యానుశీలనాభ్యాసం కావాలని అభినవగుప్తుడూ అన్నాడు. అయితే ఆ అభ్యాసం మనోముకురాన్ని నిర్మలం చేసేది, వేళ్ల వేగాన్ని కొలిచేది కాదు. ఇక్కడి ఉత్సాహానికి కావలసింది ఆటగాని శక్తికి కొంచెం మించిన ప్రత్యర్థి. ఆ 'కొంచెం' అందరికీ ఒకే కొలతలో ఉండదు.

పాపమెరుగని ప్రతినాయకుడు

సెకిరో వీరరసాన్ని శుద్ధిచేసిన ఆట అయితే, దానికి పద్నాలుగేళ్ల ముందు వచ్చిన 'షాడో ఆఫ్ ది కొలోసస్' వీరాన్ని లోలోపల తొలిచివేసిన ఆట. ఫుమితో ఉయెదా దర్శకత్వంలో 2005లో ప్లేస్టేషన్ 2 కోసం వెలువడిన ఈ ఆటలో చిల్లర శత్రువులు లేరు, గ్రామాలు లేవు, సంత లేదు. వాండర్ అనే యువకుడు, ఆగ్రో అనే అతని గుర్రం, విశాలమైన నిషిద్ధభూమి, అందులో పదహారు మహాకాయాలు. చనిపోయిన మోనో అనే యువతిని బతికించాలంటే ఆ పదహారింటినీ చంపాలని డోర్మిన్ అనే అశరీరవాణి చెబుతుంది. ఆట అంటే ఆ పదహారు యుద్ధాలే.

ప్రతినాయకుడు లుబ్ధుడు, ధీరోద్ధతుడు, స్తబ్ధుడు, పాపకర్ముడు, వ్యసని అని దశరూపక లక్షణం. ఈ పదహారిలో లోభం గాని పాపం గాని కలిగినది ఒక్కటీ లేదు. అయిదవది, ఒక మహాపక్షి, సరస్సులోని స్తంభం మీద ఊరకే కూర్చొని ఉంటుంది. ఆటగాడు బాణం వేసి రెచ్చగొట్టేదాకా అతని జోలికి రాదు. పదమూడవది ఎడారి మీద ఎగిరే మహాసర్పం. అది ఒక్కసారి కూడా నాయకునిపై దాడి చేయదు. దాన్ని నేలకు దించి, రెక్క పట్టుకొని ఎక్కి, వీపు మీద పరుగెత్తి పొడవడం అంతా ఒకవైపు హింసే. అపకారం చేయని శత్రువుపై క్రోధానికి చోటు లేదు. కాని ఉత్సాహానికి చోటుంది, అదీ నిండుగా: కొండంత శరీరం మీదికి ఎగబాకడం, అది విదిలించినప్పుడు రోమాలు పట్టుకొని వేలాడడం, పట్టు సడలిపోయే లోపల మర్మస్థానాన్ని చేరుకోవడం. ఎక్కుతున్నంతసేపూ సంగీతం కూడా వీరానికి అనుకూలంగానే సాగుతుంది.

చివరి పోటు పడగానే అంతా తలకిందులవుతుంది. కో ఓతాని సమకూర్చిన సంగీతం విజయధ్వానం మాని విలాపంలోకి జారుతుంది. మహాకాయం మెల్లగా ఒరుగుతుంది. దాని దేహం నుంచి నల్లని తీగలు వెలువడి వాండర్ శరీరంలోకి చొచ్చుకుపోతాయి, అతడు స్పృహతప్పి పడిపోతాడు. విజయానికి ప్రతిఫలంగా బంగారం లేదు, కొత్త ఆయుధం లేదు, పొగడ్త లేదు. ఇలా పదహారుసార్లు. తిక్కన భారతం చదివినవారికి యుద్ధపర్వాల తరువాత స్త్రీపర్వం రావడం కొత్త కాదు. యుద్ధానికి యుద్ధానికి మధ్య ఒక్కొక్క స్త్రీపర్వం రావడం మాత్రం ఈ ఆటలోనే కనిపిస్తుంది. ఉత్సాహం శోకానికి అంగమైపోతుంది, ఆటగాడు ఆ శోకానికి కర్త కూడా అవుతాడు. సహృదయునికి శోకం సాధారణీకృతంగా చేరుతుందన్నది శాస్త్రం. ఇక్కడ దానికి ఒక అపరాధపు మరక అంటుకొని వస్తుంది. పొడవడానికి కత్తి ఎత్తి, బలం కూడదీసుకొనే ఆ రెండు మూడు క్షణాలూ బటన్ మీద ఉన్న వేలు ఆటగానిదే. ప్రాచీనుల లెక్కలో ఈ భావానికి ప్రత్యేకమైన పేరు లేదు. నిర్వేదగ్లానుల వంటి వ్యభిచారులు దాని అంచులను తాకుతాయే గాని దాన్ని పూర్తిగా పట్టుకోలేవు.

పోలిక కోసం 2018 నాటి 'గాడ్ ఆఫ్ వార్'ను తీసుకోవచ్చు. కోరీ బార్లాగ్ దర్శకత్వంలోని ఈ ఆటలో బాల్డర్ మంచి ప్రతినాయకుడు. తల్లి ఫ్రెయా మంత్రబలం వల్ల అతనికి దెబ్బ తగిలినా నొప్పి తెలియదు, అసలు ఏ స్పర్శా తెలియదు. మొదటి ద్వంద్వంలో ఎన్ని దెబ్బలు తిన్నా అతడు నవ్వుతూనే ఉండడానికి కారణం తరువాత తెలిసినప్పుడు ఆ యుద్ధం మరొక అర్థంతో గుర్తుకువస్తుంది. అయితే అతణ్ణి చంపే నిర్ణయాత్మక క్షణంలో ఆటగాని పాత్ర లేదు. తల్లి గొంతు నులుముతున్న బాల్డర్‌ను క్రేటోస్ చంపడం ఆటగాడు చూసే దృశ్యఖండంగా సాగిపోతుంది. అక్కడి శోకం సినిమా ఇచ్చే శోకమే. మధ్యలో రూపురేఖలు కొద్దిగా మార్చిన ట్రోల్‌లతో పదేపదే జరిగే పోరాటాలు శ్రమ మాత్రమే. ఆ తూకంలో వాండర్ కత్తి మరింత బరువుగా తోస్తుంది.

ఉయెదా ఆటలో పదహారవ మహాకాయం కూలిన తరువాత డోర్మిన్ వాండర్ దేహాన్ని ఆవహిస్తాడు. ఆటగాని చేతిలో ఇప్పుడున్నది ఒక నల్లని మహాకాయం. కాళ్ల దగ్గర పిడికెడు మనుషులు బాణాలు పట్టుకొని నిలిచి ఉంటారు. చెయ్యి ఎత్తాలంటే ఆలస్యమవుతుంది, కొట్టేలోపల వారు తప్పుకుంటారు. ఇంతవరకు తాను చంపిన పదహారింటికీ ఈ లోకం ఇలాగే కనిపించివుండాలని ఆటగానికి ఎవరూ చెప్పరు, కంట్రోలర్ బరువెక్కినట్లుండే ఆ మందగమనం తప్ప. ఆ పైన ఎమోన్ అనే పూజారి ప్రయోగించిన కత్తి వల్ల గుడిలోని నీటిగుండం సుడిగాలిలా అన్నిటినీ లోపలికి లాగుతుంది. మళ్లీ చిన్నవాడైపోయిన వాండర్ మోనో పడుకొని ఉన్న వేదిక వైపు పరుగెత్తవచ్చు, మెట్లను పట్టుకొని వేలాడవచ్చు. పట్టుకోవడానికి నొక్కవలసింది మహాకాయాల రోమాలను పట్టుకున్నప్పటి బటన్‌నే. ఎంతసేపు పట్టుకున్నా ఫలితం ఒక్కటే. ఆ సంగతి తెలియడానికి ఎక్కువసేపు పట్టదు, అయినా చాలామంది ఆటగాళ్లు వెంటనే వేలు తీయరు.