భారతి అభియోగం – గ్రామఫోను సాక్ష్యం

ఆంగ్ల ప్రభుత్వ నిర్బంధాన్ని తప్పించుకొని 1908లో ఫ్రెంచివారి పుదుచ్చేరికి చేరిన సుబ్రహ్మణ్య భారతి, 1918 వరకు అక్కడనే నివసించినాడు. ఆయన కవిత్వంలోని ఉత్తమభాగం ఆ పట్టణంలో పుట్టినది. గీతాలకు రాగాలు నిర్ణయించి తానే పాడిన కవి ఆయన. దక్షిణదేశపు గాయకుల కంఠాలు రికార్డులకెక్కుతున్న కాలమది. ఐనను 1921లో కన్నుమూసిన ఆ కవి కంఠం వినిపించే రికార్డు ఒక్కటియు మనకు లేదు.

లభించినది ఆయన విమర్శ. 'సంగీత విషయం' అను తమిళ వ్యాసంలో భారతి నాటి విద్వాంసులపై రెండు అభియోగాలు మోపినాడు. కొలదిపాటి కీర్తనలనే వారు మరల మరల పాడుతున్నారన్నది మొదటిది. సంస్కృతాంధ్రాల అర్థమెరుగక అక్షరాలను చంపి, పదాలను మింగి పాడుతున్నారన్నది రెండవది. అర్థం తెలియనివానికి రసం తెలియదని ఆయన నిశ్చయం.

ఈ రెండవ అభియోగం తెలుగువారికి చాలా దగ్గరిది. త్యాగరాజు కృతులను, క్షేత్రయ్య పదాలను తరతరాలుగా కాపాడినవారిలో తమిళదేశపు గాయకులు ముఖ్యులు. వారి నోట మన పలుకు నలిగినదా, నిలిచినదా? అచ్చుపుస్తకం దీనికి ఉత్తరమీయదు. పాత రికార్డులే సాక్షులు. వానిని నేడు సాంఖ్యిక రూపంలోనికి మార్చి భద్రపరచడం సాహిత్య విమర్శకును అవసరమైన పని. ముంబయిలో 1990లో ఏర్పడిన భారతీయ రికార్డు సేకర్తల సంఘం ఈ కృషికి మార్గం చూపినది.

ఐతే సాక్షిని ప్రశ్నించడం తెలియాలి. తొలినాటి రికార్డు మూడు నాలుగు నిమిషాలకు మించి నిలువదు. ఆ కొలతలో ఇమిడేదానిని, అమ్ముడుపోయేదానిని కంపెనీలు ఎన్నుకొన్నవి. కావున రికార్డులలో కొద్ది పాటలే కనిపించినంత మాత్రాన మొదటి అభియోగం రుజువైనట్లు కాదు. 1925 ప్రాంతంలో మైక్రోఫోను రాకపూర్వం గాయకులు బూరలోనికి పాడేవారు. ఆ పద్ధతిలో ఊష్మాక్షరాలు సరిగా పడవు. సకారం వినబడలేదని గాయకుని తప్పుపట్టడం అన్యాయం. హ్రస్వదీర్ఘాలు, పదవిభాగం మాత్రం చెవికి తెలుస్తవి. తీర్పు వానిపై ఆధారపడవలె.

రికార్డులన్నియు నిమిషానికి 78 చుట్ల వేగాన ముద్రితమైనవి కావు. 72 చుట్ల వేగాన ముద్రించిన దానిని 78తో తిప్పితే శ్రుతి ఒక స్వరస్థానానికి మించి పెరుగుతుంది. లయ త్వరపడుతుంది. పదం మింగినది గాయకుడా, యంత్రమా అన్న సందేహం కలుగుతుంది. చిటపటలను అతిగా తుడిచివేస్తే వానితోపాటు హల్లులును పోవచ్చును. కనుక ముట్టని ప్రతి ఒకటి, శుద్ధిచేసిన ప్రతి వేరొకటి ఉండవలె. రికార్డుపై అతికించిన చీటి, అంచున చెక్కిన సంఖ్య, వేగనిర్ణయం జతపడవలె. ఇది తాళపత్ర పరిష్కర్తల ధర్మమే. 1955లో స్థాపితమైన పుదుచ్చేరి ఫ్రెంచి సంస్థ భద్రపరచిన శైవ తాళపత్రాలు 2005లో యునెస్కో ప్రపంచస్మృతి పట్టికకెక్కినవి. గ్రంథాంత గద్యను విడిచి ప్రతి వ్రాసిన లేఖకుని ఏ పండితుడు మెచ్చును?

ఇట్లు వింటే భారతి తీర్పులో సడలింపు అవసరమని తోచుతుంది. రికార్డులిచ్చిన బెంగుళూరు నాగరత్నమ్మ, ముద్దుపళని 'రాధికా సాంత్వనము'ను 1910లో పరిష్కరించి ప్రకటించిన విదుషీమణి. అర్థమెరుగని గాయకులలో ఆమెను చేర్చలేము. కోయంబత్తూరు తాయి తమిళ గానాన్ని రికార్డుపై విన్న ఫ్రెంచి స్వరకర్త మోరిస్ దెలాజ్, దాని ఆధారంగా 'రాగమాలిక' అను పియానో కృతిని రచించినాడు. మద్దెల నాదం కొరకు ఒక తంత్రి కింద అట్టముక్క ఉంచుమన్నాడు. భాషకు అన్యుడైనా రసం ఆయనను విడువలేదు. ఐనను అక్షరశుద్ధిని కోరిన భారతి కోరిక తప్పు కాదు. అది ప్రతి గాయకునికి హెచ్చరికయే.

భారతి గీతాల రికార్డు హక్కులు ఒకనాడు వర్తకుల చేతులు మారినవి. 1949లో మద్రాసు ప్రభుత్వం ఆయన రచనల హక్కులను స్వీకరించిన పిదప అవి ప్రజలపరమైనవి. ధ్వనిముద్రణకు మన చట్టమిచ్చు రక్షణ 60 సంవత్సరాలే గనుక తొలినాటి రికార్డులకు చట్టం అడ్డుకాదు. అడ్డు మన ఉపేక్ష. లక్కతో చేసిన ఆ రికార్డు చేయిజారితే పగులుతుంది. పగిలిన ప్రతి రికార్డుతో ఒక సాక్షి మూగబోతున్నాడు. అభియోగం మాత్రం అచ్చులో శాశ్వతంగా ఉన్నది.